ఉక్కు మీద ప్లాస్మా పూత నిలవాలంటే

మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) టైటానియం నైట్రైడ్ పూత గట్టితనం 2300 హెచ్‌వీ (వికర్స్ కొలత) దాకా ఉంటుంది. దాన్నే 200 హెచ్‌వీ ఉన్న మెత్తని ఉక్కు మీద వేస్తే బురద మీద పెంకు పరిచి కాలు పెట్టినట్టే. బరువు పడగానే కింది ఉక్కు కుంగుతుంది. పూత దానితో పాటు వంగలేక పగులుతుంది. పగిలిన ముక్కలు రెండు భాగాల నడుమ చిక్కి ఇసుకలా గీరుతాయి. అప్పుడా భాగం పూత లేనప్పటికంటే తొందరగా పాడవుతుంది. కాబట్టి ఏ పూత గట్టిది అని అడిగే ముందు, దాని కింద ఏముంది, దాన్ని ఎలా సిద్ధం చేశారు అన్నది తేల్చుకోవాలి. ఇక్కడ ఎక్కువ చోటు ఆ తయారీకే ఇచ్చాం, ఎందుకంటే పూతలు ఎక్కువగా చెడేది అక్కడే.

ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇచ్చాం.

ముందు అరిగిన చోటు చూడండి

అరిగిన భాగాన్ని కిరోసిన్‌తో కడిగి, వెలుతురు వాలుగా పడేలా పట్టుకుని, పదింతలు చూపే భూతద్దంతో చూడండి. ఒకే దిశలో పక్కపక్కన గీతలుంటే గట్టి రేణువులు గీరుతున్నాయన్నమాట. లోహం ఒకచోట చిరిగి మరోచోట అంటుకుని ఉంటే రెండు లోహాలు అతుక్కుని ఊడుతున్నాయి. దీన్నే గాలింగ్ అంటారు. బిగింపుగా కూర్చునే చోట ఎర్రటి పొడి కనిపిస్తే అది ఫ్రెటింగ్, అంటే కంటికి ఆనని కదలికల వల్ల పుట్టిన ఐరన్ ఆక్సైడ్. చిన్న చిన్న గుంటలు పడి పెచ్చులు లేచి ఉంటే ఒత్తిడి మళ్ళీ మళ్ళీ పడి ఉక్కు అలసిపోయింది.

ఎంపిక దీన్నిబట్టే ఉంటుంది. గాలింగ్‌కి సన్నని నైట్రైడ్ పూత గానీ డీఎల్‌సీ (వజ్రం లాంటి కార్బన్ పూత) గానీ బాగా పనికొస్తుంది. ఇసుక గీరే చోట మైక్రాన్లలో ఉండే పూత ఎన్నాళ్ళో ఆగదు, మందం కావాలి. గేర్ పళ్ళలా దొర్లుతూ ఒత్తిడి పడే చోట ప్లాస్మా స్ప్రే పూత (పొడిని ప్లాస్మాలో, అంటే విద్యుత్తుతో అయాన్లుగా మారిన వాయువులో, కరిగించి చిమ్మేది) వేయకండి, నైట్రైడింగ్ (ఉక్కులోకి నైట్రోజన్ ఇంకించడం) వైపు చూడండి. సుత్తి దెబ్బలాంటి తాకిడి ఉన్నచోట సిరామిక్ పూత అసలే వద్దు. రేణువులు గాలితోనో నీటితోనో వచ్చి కొడుతుంటే అవి తగిలే కోణం గమనించండి. ఏటవాలుగా రాసుకుంటూ పోతే సిరామిక్ నిలుస్తుంది, నిటారుగా కొడితే పెళుసుతనం వల్ల చిట్లుతుంది.

రెండో ప్రశ్న: ఎంత అరిగితే ఆ భాగం పనికిరాకుండా పోతుంది? పది మైక్రాన్లకే కొలత తప్పే పంచ్, డై, ఇంజెక్టర్ సూది లాంటివాటికి 2–4 మైక్రాన్ల పీవీడీ పూత (వాక్యూమ్‌లో లోహాన్ని ఆవిరి చేసి పేర్చేది) సరిపోతుంది. అర మిల్లీమీటరు అరిగిన షాఫ్టును మళ్ళీ కొలతకు తేవాలంటే ప్లాస్మా స్ప్రే. రెండు మూడు మిల్లీమీటర్లు నింపాలంటే ప్లాస్మా ట్రాన్స్‌ఫర్డ్ ఆర్క్. కొలత పెద్దగా మారకుండా ఉక్కు పైపొరనే గట్టిపరచాలంటే ప్లాస్మా నైట్రైడింగ్.

నైట్రైడింగ్: పూత కాదు, పునాది

నిజానికి ఇది పూత కాదు. నైట్రోజన్ ఉక్కులోకి ఇంకి అక్కడున్న క్రోమియం, అల్యూమినియం, మాలిబ్డినం, వెనేడియంతో కలిసి అతి సన్నని నైట్రైడ్ కణాలుగా మారుతుంది. గట్టితనం వాటి వల్లే వస్తుంది. ఈ మూలకాలు లేని మైల్డ్ స్టీల్‌కి నైట్రైడింగ్ చేస్తే డబ్బు ఖర్చే తప్ప పెద్ద లాభం ఉండదు. ఈఎన్19 ఉక్కు పైపొర 600–700 హెచ్‌వీకి వస్తుంది. హెచ్13 డై ఉక్కు అయితే 1000 దాటుతుంది, అల్యూమినియం కలిసిన ఈఎన్41బీ కూడా దాదాపు అంతే.

మొదటి నియమం టెంపరింగ్‌ది, అంటే గట్టిపరిచిన ఉక్కును పెళుసు తగ్గేలా మళ్ళీ వేడి చేయడానిది. జాబ్‌ని (పని చేయాల్సిన భాగాన్ని) ముందు హార్డెన్ చేసి, నైట్రైడింగ్ కంటే కనీసం 30 డిగ్రీలు ఎక్కువలో టెంపర్ చేసి ఉండాలి. 520 డిగ్రీల్లో నైట్రైడింగ్ చేయబోతున్నారంటే టెంపరింగ్ 550కి తగ్గకూడదు. ఈ తేడా పాటించకపోతే గంటల తరబడి వేడిలో లోపలి ఉక్కు మెత్తబడిపోతుంది, పైన గట్టి పెంకు మాత్రం మిగులుతుంది. రఫ్ మెషినింగ్ అయ్యాక, ఫినిషింగ్‌కి ముందు స్ట్రెస్ రిలీవ్ చేయడం (లోపల మిగిలిన ఒత్తిడి పోయేలా వేడి చేయడం) మరువకండి. లేకుంటే చాంబర్‌లో జాబ్ వంగి బయటికొస్తుంది, అప్పుడు సరిచేయడానికి గ్రైండింగ్ చేస్తే వచ్చిన గట్టి పొరే పోతుంది.

తర్వాత శుభ్రం. వేడి ఆల్కలీ ద్రావణంలో కడిగి, వేడి నీళ్ళలో ముంచి తీసి, ఆరబెట్టాలి. ఒకవైపు మూసుకున్న మర రంధ్రాల్లో మిగిలిన కటింగ్ ఆయిల్ చాలా ఇబ్బంది పెడుతుంది. వాక్యూమ్‌లో అది నెమ్మదిగా ఆవిరై బయటికొస్తూ గంటల తరబడి ఆర్కులు కొట్టిస్తుంది, ఆ రంధ్రం చుట్టూ మెత్తని మచ్చ మిగిల్చిపోతుంది. ప్రతి రంధ్రాన్నీ గాలితో ఊది, లోపలికి తెల్ల గుడ్డ తిప్పి చూడండి. సిలికోన్ స్ప్రే తగిలిన జాబ్ అయితే మామూలు వాష్‌తో వదలదు, సన్నని గ్రిట్‌తో (గరుకు రేణువులతో) పైపైన బ్లాస్ట్ చేయాలి, అంటే వాటిని గాలితో కొట్టాలి.

ఇక లోడింగ్. జాబ్ కేథోడ్, చాంబర్ గోడ ఆనోడ్. వేడి చాలావరకు ప్లాస్మా నుంచే వస్తుంది కాబట్టి లావుపాటి జాబ్ పక్కన సన్నని జాబ్ పెడితే సన్నది ముందే వేడెక్కిపోతుంది. ఒకే మందం ఉన్నవాటిని ఒకే చార్జిలో (ఒకే విడతలో), మధ్య దూరం సమానంగా పెట్టండి. థర్మోకపుల్‌ని (వేడి కొలిచే తీగను) అదే ఉక్కుతో చేసిన డమ్మీ ముక్కలో రంధ్రం చేసి అందులో దించాలి. గోడ పక్కన వేలాడే థర్మోకపుల్ చెప్పేది జాబ్ వేడి కాదు. గట్టిపడకూడని చోట్లకు ఉక్కు మూత పెడితే చాలు, కింద నైట్రైడింగ్ జరగదు. మరలకు నట్టు బిగించినా అదే పని అవుతుంది. గ్యాస్ నైట్రైడింగ్‌లో లేని ఈ సౌకర్యం ఇక్కడి పెద్ద లాభం.

చాంబర్‌ని 0.05 మిల్లీబార్ దాకా లాగి, పంపు వాల్వ్ మూసి కొన్ని నిమిషాలు ఒత్తిడి పెరుగుదల చూడండి. గబగబా పెరుగుతుంటే లీకో, తడో ఉంది, ముందుకు వెళ్ళకండి. తర్వాత హైడ్రోజన్, కొద్దిగా ఆర్గాన్ వదిలి 1 మిల్లీబార్ దగ్గర గ్లో (జాబ్‌ని కమ్ముకునే ప్లాస్మా వెలుగు) వెలిగించి పైనున్న పల్చని ఆక్సైడ్‌ని ఊడగొట్టాలి. ఆర్కులు సద్దుమణిగే వరకు వోల్టేజీ పెంచొద్దు. అరగంటలో కావచ్చు, రెండు గంటలు పట్టచ్చు. గడియారం చూసి కాదు, ఆర్కుల లెక్క చూసి ముందుకు వెళ్ళాలి.

నైట్రైడింగ్ దశలో 2–5 మిల్లీబార్, పల్స్ డీసీ 450–600 వోల్టులు, 500–530 డిగ్రీలు. గ్యాస్ నిష్పత్తి మీకు ఏ పొర కావాలో దాన్నిబట్టి. 25 శాతం నైట్రోజన్, 75 శాతం హైడ్రోజన్ ఇస్తే పైన కొన్ని మైక్రాన్ల వైట్ లేయర్ (ఇనుప నైట్రైడ్ పొర) ఏర్పడుతుంది. తేలికపాటి రాపిడికి అది మంచిదే. నైట్రోజన్ 5–10 శాతానికి తగ్గిస్తే వైట్ లేయర్ దాదాపు లేకుండా డిఫ్యూజన్ జోన్ (నైట్రోజన్ ఇంకిన ఉక్కు పొర) మాత్రమే వస్తుంది. దెబ్బలు తినే డైలకూ, పైన పీవీడీ వేయబోయే జాబ్‌లకూ ఇదే కావాలి. ఈఎన్19కి 0.3–0.4 మిల్లీమీటర్ల లోతు రావాలంటే 20–24 గంటలు పడుతుంది. లోతు కాలం వర్గమూలంతో పెరుగుతుంది: 10 గంటల్లో 0.2 వస్తే 0.4 కోసం 20 కాదు, 40 గంటలు నడపాలి. గడువు ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

నడుస్తున్నప్పుడు కిటికీ అద్దంలోంచి చూడటం అలవాటు చేసుకోండి. ఊదారంగు వెలుగు జాబ్ చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మందాన, ఆకారాన్ని అంటిపెట్టుకుని సమానంగా ఉండాలి. ఎక్కడైనా గాడిలోనో, రంధ్రంలోనో ఆ వెలుగు మిగతా చోట్ల కంటే ప్రకాశంగా మండుతుంటే హాలో కేథోడ్ మొదలైంది. ఎదురెదురు గోడల గ్లోలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అయాన్లు అక్కడే పోగై, ఆ చోటు మిగతా జాబ్ కంటే పదుల డిగ్రీలు వేడెక్కుతుంది. ఆలస్యం చేస్తే అంచు కరిగే దాకా పోతుంది. ఒత్తిడి పెంచితే గ్లో పల్చబడి గాడిలోకి చక్కగా దిగుతుంది, తగ్గిస్తే లావై గాడి మీదుగా దాటిపోతుంది. ఒత్తిడి మార్చినా తగ్గని సన్నని రంధ్రమైతే తర్వాతి చార్జిలో ఉక్కు పిన్నుతో మూసేయండి.

పని అయ్యాక 150 డిగ్రీల కిందికి దిగేదాకా తలుపు తీయకండి. తొందరపడి తీస్తే పైన నీలపు రంగు ఆక్సైడ్ పడుతుంది. పదునైన అంచుల్లో నైట్రోజన్ రెండు వైపుల నుంచి ఇంకి పెళుసు చేస్తుంది కాబట్టి డిజైన్‌లోనే అర మిల్లీమీటరు రేడియస్ ఇవ్వండి. 304, 316 లాంటి స్టెయిన్‌లెస్ ఉక్కులకు దారి వేరు. 450 డిగ్రీల లోపే ఉంచాలి. ఆపైన వేడి చేస్తే క్రోమియం నైట్రైడ్‌గా విడిపోతుంది, గట్టితనం వచ్చినా తుప్పు ఆపే గుణం పోతుంది.

పీవీడీ: మైక్రాన్ల పూత

ఇక్కడ ఆర్క్ పద్ధతి చెబుతాం. టైటానియం లేదా క్రోమియం టార్గెట్ (ఆవిరి చేయాల్సిన లోహపు దిమ్మ) మీద ఆర్క్ పరుగెత్తి లోహాన్ని ఆవిరి చేస్తుంది, ఆ అయాన్లు నైట్రోజన్‌తో కలిసి జాబ్ మీద పేరుకుంటాయి. జాబ్ సాధారణంగా 400–450 డిగ్రీలకు వెళుతుంది. అందువల్ల ఉక్కు ఎంపికలోనే పొరపాటు దొర్లుతుంది. డీ2 ఉక్కును 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసి 60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సీ గట్టితనం) తెచ్చి పీవీడీకి పంపితే, చాంబర్‌లోనే మళ్ళీ టెంపర్ అయి మెత్తబడి, కొలత మారి వస్తుంది. డీ2ని 510–520 దగ్గర రెండుసార్లు, ఎం2 హైస్పీడ్ ఉక్కును 550–560 దగ్గర టెంపర్ చేసి పంపండి. 52100 బేరింగ్ ఉక్కుకైతే 180 డిగ్రీల లోపు నడిచే ప్రత్యేక పద్ధతి తప్ప వేరే దారి లేదు.

పై ముఖం నునుపు ఆర్‌ఏ (సగటు గరుకు కొలత) 0.05–0.2 మైక్రాన్ ఉండాలి. గీత ఉంటే పూత దాన్ని నింపదు, అదే ఆకారంలో పైన వస్తుంది. ఈడీఎం (విద్యుత్ రవ్వలతో లోహాన్ని కోయడం) చేసిన ముఖాన్ని అలాగే పంపడం తరచుగా చూసే తప్పు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఆ పైపొర పగుళ్ళతో నిండి ఉంటుంది. పూత దానికి బాగానే అంటుకుంటుంది, కానీ ఆ పొరే ఉక్కు నుంచి ఊడిపోతుంది. పాలిష్ చేసి తీసేయాలి. గ్రైండింగ్‌లో కాలిన మచ్చలదీ అదే సంగతి. బ్రేజింగ్ ఉన్న జాబ్ అయితే పూరక లోహంలో కాడ్మియం, జింకు లేవని ఖాయం చేసుకోండి. అవి వాక్యూమ్‌లో ఆవిరై మొత్తం చార్జిని, చాంబర్‌నీ పాడుచేస్తాయి.

కింద నైట్రైడింగ్, పైన పీవీడీ వేస్తే డూప్లెక్స్ అంటారు. మెత్తని ఉక్కు కుంగిపోయే సమస్యకు ఇదే సరైన జవాబు, మా సిఫారసు కూడా ఇదే. షరతు ఒక్కటే: వైట్ లేయర్ ఉండకూడదు. ఉంటే పీవీడీ వేడిలో, అయాన్ల తాకిడిలో అది విడిపోయి పూత కింద నల్లటి మెత్తని పొరగా మిగులుతుంది, పూత దాని మీంచి ఒలిచినట్టు వస్తుంది. నైట్రైడింగ్ అయ్యాక మెల్లగా పాలిష్ చేసి, పైనున్న కొన్ని మైక్రాన్లు తీసి పంపండి.

కడగడం అల్ట్రాసోనిక్ తొట్టెలో, 50–60 డిగ్రీల ఆల్కలీ ద్రావణంతో. తర్వాత డీఅయనైజ్డ్ నీళ్ళలో రెండు మూడు తొట్టెలు. చివరి తొట్టెలోంచి తీసినప్పుడు నీరు పల్చటి పొరలా విడిపోకుండా జారాలి. చుక్కలుగా విరిగితే నూనె మిగిలే ఉంది, మొదటి నుంచి కడగాలి. ఆ తర్వాత చేత్తో ముట్టకండి.

చాంబర్‌ని 0.00005 మిల్లీబార్ దాకా లాగి, వేడి చేసి, మైనస్ 600 నుంచి 1000 వోల్టుల బయాస్‌తో (జాబ్‌కి ఇచ్చే వోల్టేజీతో) అయాన్ ఎచింగ్ చేయాలి. ముందు 0.1 మైక్రాన్ శుద్ధ టైటానియం పొర, తర్వాత 1–4 పాస్కల్ నైట్రోజన్, మైనస్ 50 నుంచి 150 వోల్టుల బయాస్, ఒక్కో టార్గెట్‌కి 60–100 ఆంపియర్లు. పూత ఎదురుగా ఉన్న ముఖం మీదే పడుతుంది కాబట్టి జాబ్ తిరుగుతూ ఉండాలి. లోతైన రంధ్రం లోపల పూత ఆశించకండి, వ్యాసానికి మించిన లోతులో అది బాగా పల్చబడిపోతుంది. రంగే మొదటి పరీక్ష. టైటానియం నైట్రైడ్ బంగారు రంగులో రావాలి. వెండిలా పాలిపోతే నైట్రోజన్ చాలలేదు. గోధుమరంగులోకి దిగితే నైట్రోజన్ ఎక్కువైంది, లేదా చాంబర్‌లో గాలి లీకుంది.

మూడు మైక్రాన్లు బాగుంటే ఎనిమిది ఇంకా బాగుంటుందని అడిగేవారు ఉంటారు. పీవీడీ పూతలో లోపలి ఒత్తిడి బలంగా ఉంటుంది, మందం పెరిగేకొద్దీ పదునైన అంచుల దగ్గర దానంతటదే ఎగిరిపోతుంది. కోత పనిముట్లకు 2–4 మైక్రాన్లు చాలు. ఏ పూత అన్నది పని వేడినిబట్టి: టైటానియం నైట్రైడ్ 500–600 డిగ్రీల వరకు, క్రోమియం నైట్రైడ్ 700 వరకు, అల్యూమినియం టైటానియం నైట్రైడ్ 800–900 వరకు. డీఎల్‌సీ రాపిడి గుణకం 0.1 దగ్గర ఉండి ఎంతో హాయిగా జారుతుంది, కానీ మామూలు రకం 300–350 డిగ్రీలు దాటితే చెడిపోతుంది.

ప్లాస్మా స్ప్రే: ఒక షాఫ్ట్ స్లీవ్ మీద మొదటి నుంచి చివరిదాకా

గన్‌లో టంగ్‌స్టన్ కేథోడ్‌కీ నీటితో చల్లబడే రాగి నాజిల్‌కీ మధ్య ఆర్క్ కొడుతుంది. ఆర్గాన్, హైడ్రోజన్ దానిలోంచి పోయి 10,000 డిగ్రీలకు పైబడిన ప్లాస్మాగా బయటికొస్తాయి. అందులోకి వదిలిన పొడి కరిగి, ఎగిరి, ఉక్కు మీద పడి చదునై గడ్డకడుతుంది. అంటుకోవడం చాలావరకు గరుకుదనానికి పట్టుకోవడమే, వెల్డింగ్ లాంటి కలయిక కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో అర్థమవుతాయి.

60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పంపు షాఫ్ట్ స్లీవ్ తీసుకుందాం. సీల్ కూర్చునే చోట అరిగింది, క్రోమియం ఆక్సైడ్ వేయాలి. పూర్తయ్యాక పక్కకు 0.22 మిల్లీమీటర్ల సిరామిక్, దాని కింద 0.08 నికెల్ అల్యూమినియం బాండ్ కోట్ (సిరామిక్ పట్టుకునేలా వేసే అడుగు పూత) కావాలి. మొత్తం 0.30, కాబట్టి ఆ చోటును లేత్ మీద 59.40 వ్యాసానికి తిప్పాలి. రెండు చివర్లా నిటారు మెట్టు వదలకండి, 45 డిగ్రీల వాలు ఇచ్చి మూల గుండ్రంగా చేయండి. నిటారు మెట్టు మూలలో కరగని పొడీ దుమ్మూ పోగై అక్కడి నుంచే పూత లేస్తుంది.

నూనె మరకలన్నీ బ్లాస్టింగ్‌కి ముందే పోవాలి. నూనె ఉన్న ముఖాన్ని బ్లాస్ట్ చేస్తే గ్రిట్ దాన్ని లోపలికి కొడుతుంది, గ్రిట్ కూడా పాడవుతుంది. పోతపోసిన భాగాలైతే 200–250 డిగ్రీల్లో కాసేపు కాల్చి రంధ్రాల్లోని నూనె బయటికి రప్పించండి. ఆపైన 24 మెష్ తెల్ల అల్యూమినా, 3.5–4 బార్, 100–150 మిల్లీమీటర్ల దూరం, కోణం 75–80 డిగ్రీలు. ఆర్‌ఏ 4–6 మైక్రాన్లు రావాలి. ముఖం ఎక్కడా మెరవకుండా ఒకే బూడిద రంగులో కనబడితే ఆపేయండి. ఇంకా కొడితే గరుకు పెరగదు, గ్రిట్ ముక్కలు ఉక్కులో దిగబడతాయి. గ్రిట్ మొనలు అరిగిపోయాక ఎంతసేపు కొట్టినా పట్టు రాదు, గుప్పెడు తీసి భూతద్దంలో చూస్తే తెలుస్తుంది. 50 హెచ్‌ఆర్‌సీ దాటిన ఉక్కు మీద గరుకు సరిగా రాదు కాబట్టి స్ప్రే చేయబోయే ముఖాన్ని ముందే అంత గట్టి చేసుకోకండి. పొడి గాలితో ఊది రెండు గంటల లోపు స్ప్రే మొదలుపెట్టాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అరగంటే హద్దు అనుకోండి.

పొడిని 110 డిగ్రీల్లో రెండు గంటలు ఆరబెట్టండి. తడి పొడి ఫీడర్‌లో ఉండకట్టి ఆగి ఆగి వస్తుంది, పూతలో గడ్డలు పడతాయి. స్లీవ్‌ని నిమిషానికి 320 చుట్లు తిప్పితే ముఖం వేగం నిమిషానికి 60 మీటర్లు అవుతుంది. గన్ చుట్టుకు 5 మిల్లీమీటర్ల చొప్పున, అంటే నిమిషానికి 1600 మిల్లీమీటర్లు కదలాలి. పొడి వదలకుండా గన్‌తో రెండు సార్లు తిరిగి స్లీవ్‌ని 100–120 డిగ్రీలకు వేడి చేయండి. తేమ పోతుంది, పడిన చుక్క బాగా పరుచుకుంటుంది. అంతకు మించి వేడి చేస్తే గరుకు ముఖం మీద ఆక్సైడ్ పెరిగి పట్టు తగ్గుతుంది.

బాండ్ కోట్ 120–140 మిల్లీమీటర్ల దూరం నుంచి, కొలత 59.56 వచ్చేదాకా. తర్వాత క్రోమియం ఆక్సైడ్, పొడి సైజు 15–45 మైక్రాన్లు. మొదలుపెట్టడానికి ఈ సెట్టింగ్ తీసుకోండి: ఆర్గాన్ నిమిషానికి 40–45 లీటర్లు, హైడ్రోజన్ 10–12, 550–600 ఆంపియర్లు, 65–70 వోల్టులు, పొడి నిమిషానికి 30 గ్రాములు, దూరం 80–100 మిల్లీమీటర్లు. ఒక్కో పాస్‌కి 15 మైక్రాన్లకు మించి పెరగకూడదు. రెండు పక్కలా చల్లటి పొడి గాలి తగులుతూ ఉండాలి, స్లీవ్ 150 డిగ్రీలు దాటితే ఆగి చల్లారనివ్వండి. 60.30 దాకా వేసి ఆపండి, మిగిలిన 0.30 గ్రైండింగ్‌కి. ఉక్కు వేడికి సిరామిక్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. బాగా వేడెక్కిన స్లీవ్ చల్లారి ముడుచుకుంటే పూత దానితో పాటు రాలేక చిట్లుతుంది, లేదా లేస్తుంది. పూత ఊడటానికి సగం కారణాలు ఈ వేడి దగ్గరే ఉంటాయి.

సెట్టింగ్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి చవకైన ఉపాయం ఒకటుంది. పాలిష్ చేసిన చిన్న ఉక్కు బిళ్ళను వేడి చేసి, ప్లాస్మా ముందు నుంచి ఒక్కసారి చకచకా లాగి మైక్రోస్కోప్ కింద పెట్టండి. చుక్కలు గుండ్రటి బిళ్ళల్లా పరుచుకుంటే బాగా కరిగాయి. నడుమ గుండు, చుట్టూ పల్చటి అంచు ఉంటే సగమే కరిగాయి. హైడ్రోజన్ గానీ ఆంపియర్లు గానీ కొంచెం పెంచాలి. అంచులు చెల్లాచెదురుగా చిమ్మితే బిళ్ళ చల్లగానో తడిగానో ఉంది. పొడి ప్లాస్మా నడిబొడ్డులోకి చేరుతోందా అన్నది ముదురు వెల్డింగ్ అద్దంలోంచి చూడండి. క్యారియర్ గ్యాస్ ఎక్కువైతే పొడి అడ్డంగా దాటిపోతుంది, తక్కువైతే అంచులోనే ఉండిపోతుంది.

అదే ఆంపియర్ల దగ్గర వోల్టేజీ రెండు మూడు వోల్టులు పడిపోతే నాజిల్ అరిగినట్టు. పూత పనితనం మారకముందే మార్చేయండి. ప్రతి జాబ్‌కీ వోల్టేజీ రాసిపెట్టుకునే షాపులో ఈ చిక్కు ముందే పట్టుబడుతుంది.

ఆగిన వెంటనే, స్లీవ్ ఇంకా గోరువెచ్చగా ఉండగా సీలర్ పూయండి, పల్చటి ఎపాక్సీ లేదా ఫినాలిక్ రెసిన్. పూతలో కొన్ని శాతం రంధ్రాలు ఉంటాయి. సీలర్ లేకపోతే నీరు వాటిలోంచి ఉక్కును చేరి అడుగున తుప్పు పట్టించి పూతను లేపుతుంది. గ్రైండింగ్ డైమండ్ చక్రంతో, నీళ్ళు ధారగా పోస్తూ, ఒక్కో కోతకు 0.01 మిల్లీమీటరు మించకుండా. తొందరపడి లోతుగా కోస్తే వేడికి వల లాంటి పగుళ్ళు వస్తాయి. ఆర్‌ఏ 0.1–0.2 దాకా తీసుకెళ్ళండి, గరుకుగా వదిలిన క్రోమియం ఆక్సైడ్ సీల్‌ని ఆకురాయిలా తినేస్తుంది.

టంగ్‌స్టన్ కార్బైడ్ కోబాల్ట్ వేయాలనుకుంటే ప్లాస్మా స్ప్రే మంచి ఎంపిక కాదు. ఆ వేడికి కార్బన్ పోయి పెళుసు కార్బైడ్ మిగులుతుంది. హెచ్‌వీఓఎఫ్ (ఇంధనం మండించి పొడిని అతి వేగంగా చిమ్మే పద్ధతి) ఉంటే దానికి వెళ్ళండి. ఆక్సైడ్లకు మాత్రం ప్లాస్మాదే పైచేయి.

ఊడిన పూతను పారేయకుండా అడుగు చూడండి. ఉక్కు శుభ్రంగా బయటపడితే బ్లాస్టింగ్, శుభ్రత, ఆలస్యం ఈ మూడింటిలో ఒకటి తప్పింది. బాండ్ కోట్ ఉక్కుకే అంటుకుని సిరామిక్ మాత్రం ఊడితే వేడి ఎక్కువైంది, లేదా మందం పెరిగింది. పూత నడిమధ్యలో పొరలుగా విడిపోతే పొడి కరగలేదు, లేదా మధ్యలో ఆగినప్పుడు దుమ్ము పేరుకుంది.

రక్షణ విషయంలో రాజీ వద్దు. క్రోమియం ఆక్సైడ్ స్ప్రే చేసేటప్పుడు కేన్సర్ కలిగించే ఆరు వేలెన్సీ క్రోమియం పుట్టవచ్చు, కాబట్టి మూసిన బూత్, ఫిల్టర్ ఉన్న ఎగ్జాస్ట్, తగిన రెస్పిరేటర్ లేకుండా గన్ వెలిగించకూడదు. చప్పుడు 110 డెసిబెల్స్ దాటుతుంది, అతినీలలోహిత కాంతి చర్మాన్ని కాలుస్తుంది. హైడ్రోజన్ లీకు కనిపెట్టే సెన్సర్ పైకప్పు దగ్గర పెట్టండి. ఆర్గాన్ గాలికంటే బరువు, గుంటల్లో నిండి ఊపిరి ఆడనివ్వదు కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ కింద పెట్టండి.

మందంగా నింపాలంటే

ప్లాస్మా ట్రాన్స్‌ఫర్డ్ ఆర్క్‌లో ఆర్క్ జాబ్ దాకా వస్తుంది, పైపొర కరిగి పొడితో కలుస్తుంది. అంటే ఇది వెల్డింగే, ఊడే భయం లేదు. వాల్వ్ సీట్లకు స్టెల్లైట్ 6, మట్టి తవ్వే పనిముట్లకు టంగ్‌స్టన్ కార్బైడ్ కలిపిన నికెల్ పొడి వాడతారు. 100–200 ఆంపియర్లు, పొడి 50–150 మైక్రాన్లు, పొర 2–4 మిల్లీమీటర్లు. కింది ఉక్కు 5–10 శాతానికి మించి కలవకుండా చూడాలి, ఎక్కువ కలిస్తే ఇనుము చేరి గట్టితనం పడిపోతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కును 200–300 డిగ్రీలకు వేడి చేసి మొదలుపెట్టి, అయ్యాక ఇసుకలోనో దుప్పటిలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వండి.

పరీక్షలు

పీవీడీ పూతకు చేతిలో ఉన్న రాక్‌వెల్ మెషినే చాలు. 150 కిలోల బరువుతో సీ స్కేల్ గుంట పెట్టి, వంద రెట్లలో దాని అంచు చూడండి. జర్మన్ ప్రమాణం వీడీఐ 3198 దీన్ని హెచ్‌ఎఫ్1 నుంచి 6 దాకా విభజించింది. గుంట చుట్టూ సూర్యకిరణాల్లా సన్నని పగుళ్ళు మాత్రమే ఉంటే భయం లేదు. పగుళ్ళ మధ్య పెచ్చులు లేచి ఉక్కు మెరుస్తూ కనబడితే, అంటే 5, 6 అయితే, ఆ చార్జిని తిరస్కరించండి.

మైక్రో వికర్స్‌తో పీవీడీ గట్టితనం కొలిచి సర్టిఫికెట్ రాసేవారు లెక్క చూసుకోవాలి. 2300 హెచ్‌వీ పూత మీద 50 గ్రాముల బరువు పెడితే గుంట లోతు 0.9 మైక్రాన్లు వస్తుంది. మూడు మైక్రాన్ల పూతలో అది మూడో వంతు. గుంట లోతు పూత మందంలో పదో వంతు మించితే వచ్చిన సంఖ్య పూతది కాదు, పూతా ఉక్కూ కలిసినది. నైట్రైడింగ్‌కైతే ముక్క కోసి అంచు నుంచి లోపలికి గుంటలు పెట్టుకుంటూ వెళ్ళండి. లోపలి గట్టితనానికి 50 హెచ్‌వీ పైన ఉన్న చోటు వరకు కేస్ డెప్త్ (గట్టిపడిన పొర లోతు).

స్ప్రే పూత పట్టుకు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ633: 25.4 మిల్లీమీటర్ల బిళ్ళ మీద పూత వేసి, ఎపాక్సీతో మరో బిళ్ళకు అతికించి లాగుతారు. ఎక్కడ విరిగిందో చూడకుండా సంఖ్య మాత్రమే రాయకండి. జిగురులో విరిగితే పూత పట్టు అంతకంటే ఎక్కువనే అర్థం. ఇసుక అరుగుదలకు ఏఎస్‌టీఎం జీ65 పరీక్ష, 130 న్యూటన్లు, ఏ విధానంలో 6000 చుట్లు. సన్నని పూతలకు 100 చుట్లుండే సీ విధానం వాడాలి, లేకుంటే పూత పోయి అడుగు ఉక్కు అరుగుదలే కొలిచినట్టవుతుంది.

అరిగిన పూత మీద మరో పూత వేయమని అడిగితే ఒప్పుకోకండి. స్ప్రే పూతను గ్రైండింగ్‌తో గానీ నీటి జెట్‌తో గానీ పూర్తిగా తీసి, మళ్ళీ బ్లాస్టింగ్ నుంచి మొదలుపెట్టాలి. టైటానియం నైట్రైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన ద్రావణంలో కరిగించి తీస్తారు. ఉక్కు గుంటలు పడకుండా కాసేపటికోసారి తీసి చూస్తూ, బంగారు రంగు పోగానే బయటికి తీయాలి. ఆ తర్వాత ముఖాన్ని మళ్ళీ పాలిష్ చేసి, నునుపు కొలిచి, నీటి పొర పరీక్ష చేశాకే చాంబర్‌లో పెట్టండి.